ప్రొపేన్ ఫ్రిజ్‌ల గురించి మేము సగమే చెప్పిన మాట

ఆర్-404ఎ అనే చల్లబరిచే గ్యాస్‌తో నడిచే పాత యంత్రం స్థానంలో, ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే డిస్‌ప్లే ఫ్రిజ్ పెట్టుకుంటే కరెంటు ఖర్చు దానంతట అదే తగ్గుతుందని మేము మీకు చెబుతూ వచ్చాము. ఆ మాటలో సగమే నిజమని, మీలో ఒకరి యంత్రానికి సర్వీసు చేసేటప్పుడు మాకు తెలిసివచ్చింది.

భూతాపాన్ని పెంచడంలో ఆర్-404ఎ కార్బన్ డయాక్సైడ్ కంటే 3,900 రెట్లకు పైగా శక్తిమంతమైనది కాగా, ప్రొపేన్ విషయంలో ఆ లెక్క సుమారు 3 రెట్లే. పైగా ఆవిరయ్యేటప్పుడు ప్రొపేన్ కిలోకు చాలా ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది కనుక, అంతే చల్లదనానికి దాదాపు సగం బరువు గ్యాస్ సరిపోతుంది. ఇంతవరకు మేము చెప్పినది సరైనదే.

అయినా ఆ వినియోగదారుని కరెంటు ఖర్చు ఏడాది తిరగకముందే మళ్లీ పెరిగింది. కింది ప్యానెల్ విప్పి చూస్తే వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే పీడనం పెరిగి, కంప్రెసర్ అదే పనిని ఎక్కువ భారంతో, ఎక్కువసేపు చేయవలసి వస్తుంది. లోపల ఏ గ్యాస్ ఉన్నా ఇందులో తేడా ఉండదు. తలుపు రబ్బరు కింద కాగితం ఉంచి మూసి లాగితే, ఒక మూలలో అది ఏ పట్టూ లేకుండా జారి వచ్చేసింది. ఆ సందులోంచి చొరబడిన తేమ లోపలి చల్లబరిచే కాయిల్‌పై మంచుగా కడుతోంది. యంత్రం అప్పగించిన రోజే ఈ రెండింటి గురించి చెప్పకపోవడం మా తప్పు, అందుకు క్షమాపణ కోరుతున్నాము.

పాత యంత్రంలోనే ప్రొపేన్ నింపమని కొందరు అడుగుతున్నారు. ఎంత ఒత్తిడి చేసినా ఆ పని చేయము. గాలిలో సుమారు 2 శాతం ప్రొపేన్ చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. పాత యంత్రాల రిలేలు (కరెంటును కలిపి విడదీసే స్విచ్‌లు), థర్మోస్టాట్‌లు ఆ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకుని తయారైనవి కావు. అంతర్జాతీయ ప్రమాణం 2019లో ఒక యంత్రంలో నింపదగిన ప్రొపేన్ పరిమితిని 150 గ్రాముల నుంచి సుమారు 500 గ్రాములకు పెంచినా, అది కొత్తగా అందుకోసమే రూపొందించి పరీక్షించిన యంత్రాలకే వర్తిస్తుంది. ఫ్రిజ్‌లో ప్రొపేన్‌కు బదులు వంటగ్యాస్ నింపడం గురించైతే ఆలోచించనే వద్దు.

చల్లబరిచే గ్యాస్‌గా కార్బన్ డయాక్సైడ్ వాడే యంత్రాల గురించీ అడుగుతున్నారు. 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాస్ ద్రవంగా మారదు, పీడనం మాత్రం విపరీతంగా పెరుగుతుంది. ఎజెక్టర్ (అధిక పీడనాన్ని వాడుకుని కంప్రెసర్ భారం తగ్గించే పరికరం) వంటి ఏర్పాట్లున్న పెద్ద వ్యవస్థల్లో అది చక్కగా పనిచేస్తుంది కానీ, వేడి ఎక్కువగా ఉండే చోట ఒంటరి చిన్న ఫ్రిజ్‌కు మేము సిఫారసు చేయము.

ఇకపై ప్రతి సర్వీసులోనూ మా మెకానిక్ కండెన్సర్ శుభ్రం చేసి, తలుపుకు కాగితం పరీక్ష పెట్టి, శుభ్రం చేయకముందు ఒక రోజు, చేశాక ఒక రోజు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో మీటరుతో కొలిచి మీ కార్డుపై రాస్తారు.