బావా, ముసలోడు స్లోలో నిలబడ్డాడు!

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని అలిగే ఉంటావు. అలుగు, నీ తప్పేం లేదు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదానికి పరీక్షలు అయిపోయాయి, మిగతావన్నీ మామూలే. ఇక అసలు సంగతికొస్తా, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మన ముసలోడు, అదే మన పాత షెవర్లే బండి, స్లోలో (ఆక్సిలరేటర్ తొక్కకుండా) ఆగిపోకుండా నిలబడ్డాడురా! తప్పు పెట్రోలునీ గాలినీ కలిపే కార్బ్యురేటర్‌ది కాదు. నువ్వూ నేనూ, చూసిన ప్రతి మెకానిక్కూ పాపం దాన్నే తిట్టాం. దొంగ వేరే ఉన్నాడు, ఆ కలిపినదాన్ని సిలిండర్లకి పంచే గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డ్!

గుర్తుందిగా, చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా స్టార్టయ్యేవాడు, కాస్త వేడెక్కగానే వణుకు మొదలు. ఇంజన్ పీల్చే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ పెడితే ముల్లు ఒకచోట నిలిచేది కాదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజనైతే స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ముల్లు కదలకుండా ఉండాలి. మనవాడిది 14 దగ్గర ఊగిసలాడేది. ఎక్కడో గాలి లాగుతోందని జాయింట్ల చుట్టూ కార్బ్ క్లీనర్ స్ప్రే కూడా కొట్టాం కదా, లీకుంటే ఆ స్ప్రే లోపలికి పోయి ఇంజన్ శబ్దం మారాలి. రవ్వంత మారలేదు. దాంతో మానిఫోల్డ్‌ని వదిలేసి కార్బ్యురేటర్ మీద పడ్డాం. దాని జెట్లు, అదే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు, ఎన్నిసార్లు కడిగామో! ఏ బ్రష్‌తో కడిగావో మీ ఆవిడకి ఇంకా చెప్పలేదులే, ధైర్యంగా ఉండు.

లీకు బయటికి కాదు బావా, లోపలే! ఈ షెవర్లే 235 ఇంజన్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ హెడ్‌కి (సిలిండర్ల పై భాగానికి) ఒకే పక్కన ఉంటాయి, మధ్యలో ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. కార్బ్యురేటర్ కింద ఇన్‌టేక్ అడుగుకి ఎగ్జాస్ట్ వేడి తగిలేలా ఒక గది పెట్టారు, పెట్రోలు తడిగా కాకుండా ఆవిరై సిలిండర్లలోకి పోవాలని. పగులు ఆ అడుగులోనే ఉంది. వేడెక్కగానే విచ్చుకునేది. తను వదిలిన పొగ తనే పీల్చుకుని ఊపిరాడక కొట్టుకునేవాడన్న మాట. మనం బయట ఎన్ని డబ్బాలు స్ప్రే కొడితే ఏం లాభం?

ఇదంతా విప్పాకే తెలిసింది. విప్పడం ఒక పెద్ద భాగవతం. నట్లు తుప్పు పట్టి స్టడ్లకి (హెడ్‌లోంచి వచ్చే మర కడ్డీలకి) అతుక్కుపోయాయి. పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే ఒక్కో నట్టునీ వేడిచేసి, కాస్త బిగిస్తూ కాస్త విప్పుతూ లాక్కొచ్చా. నువ్వుంటే "ఇంకొక్క అర చుట్టు" అనేవాడివి, జీపు కథ మళ్లీ జరిగేది. నువ్వు లేనందువల్ల స్టడ్లన్నీ క్షేమం అని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

పాత ఇన్‌టేక్‌ని తిరగేసి లోపలికి లైటు వేశా. పెట్రోలు పోయే దారి, మహా అయితే గోధుమరంగు మరకలుండాలి. సరిగ్గా కార్బ్యురేటర్ కూర్చునే చోటు కింద వేలు పెట్టి చూస్తే నల్లటి మసి, కాటుకలా మెత్తగా అంటుకుంది. గోటితో గీరితే దాని కింద సన్నటి గీత. ఎవరో ఎప్పుడో ఇత్తడి కరిగించి అతికిన (బ్రేజింగ్) మచ్చ పక్కనుంచే బయల్దేరింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా. మీ నాన్నగారు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఇంజన్ మాట వినేవారే, ఆయన ఉండి ఉంటే మొదటి రోజే... సరే, వదిలెయ్.

మార్చిన మానిఫోల్డ్ కూడా పాతదే, ఇదే మోడల్‌ది, కానీ పగుళ్లు లేవు. ఇప్పుడు అసలు మెలిక విను. రెండు మానిఫోల్డులనీ ముందే గట్టిగా కలిపి బిగించి హెడ్‌కి పెట్టామనుకో, వాటి ముఖాలు ఒకే వరసలో లేకపోతే ఒకటి ఆనుతుంది, ఇంకోటి ఆనదు. బలవంతంగా లాగితే ఎగ్జాస్ట్ చివర చెవి ఠప్పున విరుగుతుంది. అందుకని మధ్య బోల్టులు చేత్తో తిప్పినంత వదులుగా ఉంచి, స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి పట్టీ) ఆనించి, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూశా. పర్వాలేదు, ముఖాలు చదును చేయించడానికి మిల్లింగ్‌కి పంపే పని తప్పింది. హెడ్ ముఖం మీద పాత గాస్కెట్ (జాయింట్ లీకవకుండా మధ్యలో వేసే పొర) గీకేటప్పుడు పోర్టుల్లో, అంటే సిలిండర్లలోకి పోయే రంధ్రాల్లో, గుడ్డలు కుక్కా, పెళ్లలు లోపల పడకుండా. ఇన్‌టేక్ పోర్టుల్లో కూర్చునే మానిఫోల్డ్‌ని సరైన చోట నిలిపే మూడు లొకేటింగ్ రింగులు ఉంటాయి, అవి సరిగ్గా కూర్చోకపోతే గాస్కెట్ ఎంత మంచిదైనా దండగే. తర్వాత బిగింపు, ముందు హెడ్ వైపు నట్లు, మధ్యలోంచి చివరలకి. చివరి రెండు క్లాంపులకీ (పట్టుకునే బిళ్లలకీ) బిగింపు బలం, అదే టార్క్, 15 నుంచి 20 ఫుట్ పౌండ్లే, మిగతావాటికి 25 నుంచి 30. ఎందుకంటే ఎగ్జాస్ట్ వేడికి పొడవు సాగుతుంది, చివరలు కొంచెం జరగడానికి వీలుండాలి. నువ్వు "అన్నీ ఒకేలా బిగించు, పీడా పోతుంది" అంటావని తెలుసు. అలా బిగించడం వల్లే చాలా లారీల ఎగ్జాస్టులు పగిలాయి బావా! అన్నిటికంటే చివర్న రెండు మానిఫోల్డుల మధ్య బోల్టులు.

స్టార్ట్ చేసేముందు టెన్షన్ గురించి అడక్కు. గుడ్డలు తీశానా లేదా అని మూడోసారి అనుమానం. తీశాలే, లెక్కపెట్టుకుని మరీ పక్కన పెట్టా. స్విచ్ వేశా, సెల్ఫ్ నొక్కా. ఆరు వోల్టుల బ్యాటరీ కదా, ఎప్పట్లాగే బద్ధకంగా తిప్పింది, తిప్పింది, అందుకున్నాడు! వేడెక్కేదాకా ఊపిరి బిగబట్టుకుని నించున్నా. వణకలేదు. ముల్లు 19 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. వైపర్లు కూడా వాక్యూమ్ మీదే నడిచేవి కదా, ఎప్పుడూ సగంలో ఆగి నీరసంగా చూసేవి, ఇప్పుడు టకటకా కొట్టుకుంటున్నాయి. వాన లేదు, అయినా ఆపలేదు. ఇంట్లో అందరూ వచ్చి నన్ను చూసి నవ్వి వెళ్లారు.

కార్బ్యురేటర్‌కి మనిద్దరం క్షమాపణ చెప్పాలి. నీ వంతు నువ్వొచ్చి చెప్పు. వచ్చేటప్పుడు ఆ గొడుగు తెస్తే... అబ్బా, ఇంజన్ చల్లారిపోయినట్టుంది. ఒకసారి వేడెక్కి చల్లారాక నట్లు మళ్లీ టార్క్ చూడాలి, గాస్కెట్ అణుగుతుంది కదా. చీకటి పడేలోపు అది చూసేయాలి. చెల్లాయి విషయం, ఆ స్థలం విషయం ఇంకో ఉత్తరంలో