చట్టవిరుద్ధ ఆదేశాన్ని ఎలా కాదనాలో జవానుకు నేర్పండి: రక్షణ శాఖ కార్యదర్శికి బహిరంగ లేఖ

అయ్యా,

1950 సైనిక చట్టం 41వ సెక్షన్ శిక్షించేది 'చట్టబద్ధమైన' ఆదేశాన్ని ధిక్కరించినవాణ్ణే. జవాను బుర్రకెక్కేది మాత్రం శిక్షే: 14 ఏళ్ల దాకా జైలు. భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్ ఉదాహరణలో గుంపుపై కాల్పులు జరిపిన సైనికుడు నిర్దోషే, ఆ ఆదేశం చట్టానికి లోబడి ఉంటేనే. చేతులెత్తేసినవాణ్ణి కాల్చమంటే ఆ రక్షణ లేదు. ట్రిగ్గర్ నొక్కినవాడూ ముద్దాయే.

జవానుకు నేర్పాల్సింది ఇదీ: అలాంటి ఆదేశం వస్తే, ముందు దాన్ని మళ్లీ చెప్పమనాలి. "సర్, ఇది చట్టవిరుద్ధం, చేయలేను" అనాలి, అంతే, వాదన వద్దు. సమయం, సాక్షుల పేర్లు రాసుకుని, ఆదేశమిచ్చినవాడి పై అధికారికి తెలపాలి. తుపాకీ పడేసి పోస్టు వదిలాడా, అది వేరే నేరం. నిలవాల్సిన కేసు అక్కడే పోతుంది. నచ్చని డ్యూటీ చట్టవిరుద్ధం కాదు. అంచనా తప్పితే కోర్టు మార్షల్ దాకా వెళ్లొచ్చు. ఆ తీర్పుపై సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

ఇట్లు,
సైనిక చట్టం తెలిసిన కొందరం