మొదటి గేమింగ్ పీసీ: డబ్బంతా ప్రాసెసర్‌కే పెట్టేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కంప్యూటర్ల గురించి మీ పేపర్లో ఎప్పుడు రాసినా ప్రాసెసర్ గొప్పల దగ్గరే ఆగిపోతున్నారు. తక్కువ బడ్జెట్‌లో మొదటిసారి సొంతంగా గేమింగ్ పీసీ బిగించుకునే పిల్లలు అది చదివి, ఖరీదైన ప్రాసెసర్ కొనేసి, గ్రాఫిక్స్ కార్డు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తున్నారు. గేముల్లో బొమ్మ గీసేది ఆ కార్డే, పెద్ద వాటా దానికే పోవాలి. అదీ మానిటర్ చూసుకున్నాకే. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపించలేదు, ఇక దాని వెనక పైస్థాయి కార్డు పెట్టి ఏం లాభం?

ర్యామ్ విషయంలోనూ తొందరపడొద్దు. ఏఎమ్‌డీ ప్రాసెసర్లు పెట్టుకునే మదర్‌బోర్డుల్లో ఏఎమ్4 రకం బోర్డులకు డీడీఆర్4 రకం ర్యామ్, 2022లో వచ్చిన ఏఎమ్5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే, స్టిక్ మీద గాడి వేరేచోట ఉంటుంది కాబట్టి ఒకదానిది ఇంకోదాంట్లో దిగనే దిగదు. 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8 జీబీవి రెండు తీసుకుంటే డ్యూయల్ ఛానల్ వస్తుంది, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి రెండు దారుల్లో డేటా అందిస్తాయి. నాలుగు స్లాట్ల బోర్డయితే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, బోర్డు మాన్యువల్‌లోనూ ఉంటుంది.

నాకు అసలు భయం పవర్ సప్లై గురించే. మిగిలిన చిల్లరతో కొనేది కాదది! డబ్బా మీద 80 ప్లస్ అని ఉంటే చాలనుకుంటారు, కానీ ఆ గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది తప్ప లోపలి రక్షణ సర్క్యూట్లు ఎలాంటివో చెప్పదు. షార్ట్ సర్క్యూట్, ఓవర్‌లోడ్ రక్షణ ఉన్నాయో లేదో విడిగా చూడాల్సిందే. దయచేసి దీని మీద ఒక వివరమైన వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు