ఉంగరం తెల్లబడిన రోజు మా ఇంటికొచ్చిన పెద్దనాయనకు

పన్నెండు రోజుల తర్వాత నిన్న రాత్రి మా ఇంట్లో మేం పడుకున్నాం. పిల్లలిద్దరూ పడుకోగానే నిద్రపోయారు. నాకే నిద్ర పట్టలేదు. లేచి టార్చిలైటు తీసుకుని షాబాద్ బండల సందులన్నీ ఇంకోసారి చూశాను, ఎక్కడా పాదరసం చుక్క మెరవలేదు. అప్పుడు కుట్టుమిషన్ పక్కన కూర్చుని ఏడ్చాను, ఇన్ని రోజులు ఏడ్వడానికి కూడా టైం దొరకలేదు.

నారాయణపేటలో కొంతమందికి విషయం తెలుసు, కొంతమందికి ఏదేదో తెలుసు, అందుకని జరిగింది మొదట చెప్తాను. మా బాబు ఎనిమిదో తరగతి. బళ్లో పాత సామాను గది సర్దుతుంటే బీపీ చూసే పాత మిషన్ ఒకటి కిందపడి, లోపలి గాజు గొట్టం పగిలింది. అందులోంచి పాదరసం ఒలికితే పిల్లలు దాన్ని అరచేతుల్లో ఆడించుకుని, పెన్ను మూతల్లో, మాత్రల డబ్బాల్లో పంచుకుని ఇళ్లకు తెచ్చుకున్నారు. మా వాడు కంటి చుక్కల సీసాలో తెచ్చాడు. వాడి చేతిలోంచి తీసుకుంటే అంత చిన్న సీసా అంత బరువుండటం చూసి నేను కూడా ఆశ్చర్యపోయాను, పాదరసం నీళ్లకంటే 13.6 రెట్లు బరువని వాడే నాకు పాఠం చెప్పాడు. జాగ్రత్తగా పెట్టుకోమని చెప్పి వంటింట్లోకి పోయాను. అంతే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

నేను బ్లౌజులు కుట్టే గదిలోనే అన్నాచెల్లెళ్లు దాన్ని నేలమీద పోసి ఆడుకున్నారు. పాపకు నాలుగేళ్లు. చూసి అరిచి, అందరం చేసేదే నేనూ చేశాను, చీపురు తీసుకుని ఊడ్చాను. ఒక్క చుక్క వంద చుక్కలైంది. కొన్ని చేత్తో ఏరాను, కొంత చేటలోకెత్తి మోరీలో పోశాను, ఉక్కగా ఉందని ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి ఆ రాత్రి ముగ్గురం ఆ గదిలోనే పడుకున్నాం. దాని ఆవిరికి వాసన లేదు, రంగు లేదు, ఇంట్లో ఏదో ఉందని ఎట్లా తెలుస్తుంది?

పొద్దున లేచి చూస్తే మా అమ్మ పెళ్లిలో పెట్టిన ఉంగరం వెండిలాగా తెల్లగా అయింది. బంగారం నకిలీదేమో అనుకున్నాను, దేవుడి సాక్షిగా నాకు వచ్చిన అనుమానం అదొక్కటే. బజారుకు పోయి, తెరిచి ఉన్న మొదటి చిన్న కొట్టులోకి ఎక్కాను. అక్కడ ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, నేను ఉంగరం ఇవ్వబోతే చెయ్యి చాచలేదు. కాగితం ముక్క ముందుకు జరిపి దాని మీద పెట్టమన్నారు. అద్దం పెట్టి ఒక్క క్షణం చూశారు. "ఇంట్ల పాదరసం ఒలికిందా బిడ్డా?" అన్నారు. ఔనన్నాను. "చిన్నపిల్లలున్నరా?" ఉన్నారన్నాను. అంతే, లేచారు. పెళ్లిళ్ల సీజన్, గొలుసులు చూసుకుంటూ ఇద్దరు గిరాకీలు కూర్చుని ఉన్నారు, వాళ్లను సాయంత్రం రమ్మని షట్టర్ దించేశారు. నేను ఆయన దగ్గర గురిగింజంత బంగారం కూడా ఎన్నడూ కొనలేదు. నా పేరు కూడా ఆయనకు తెలియదు.

ఇంటికి రాగానే గడప దగ్గరే ఆగి చెప్పారు: "ఫ్యాన్ బంద్ చెయ్యి, కిటికీలన్నీ తెరువు, పిల్లలను బయటికి తీస్కపో. చీపురు ముట్టకు." తర్వాత నా మెడ వైపు చూసి, పుస్తెలు, చెవులవి, అన్నీ తీసి ఇంటి బయట పెట్టి రమ్మన్నారు, పాదరసం తగిలితే బంగారం దాన్ని పీల్చుకుంటుందని. మిగతావి తీశాను కానీ పుస్తెలతాడు మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. నేను ఒక్క మాట అనలేదు. ఆయనకు అర్థమైంది. "పసుపుతాడు కట్టుకో తల్లీ, ఏం గాదు, నేను మీ నాయిన అసుంటోణ్ని" అన్నారు. మా నాయన పోయి ఆరేళ్లు. ఆ మాట తర్వాత నేను ఆయన్ని పెద్దనాయనా అనే పిలుస్తున్నాను.

ఆయన ఆ పని చేసిన తీరు నాకు జీవితాంతం గుర్తుంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, ముక్కుకు మడత గుడ్డ కట్టుకుని, చెంప బండకు ఆనేంత కిందికి పడుకుని, టార్చిని నేలకు సమంగా పెట్టారు. పైనుంచి చూస్తే గది శుభ్రంగా ఉంది. ఆ వెలుగులో చూస్తే ఆవగింజంత, నువ్వుగింజంత చుక్కలు గోడ దాకా. పాత శుభలేఖలు అడిగి ముక్కలుగా కత్తిరించి, ఆ గట్టి ముక్కలతో చుక్కను చుక్క దగ్గరికి నెమ్మదిగా తోసి పెద్దది చేసి, సూది తీసేసిన సిరంజితో పీల్చి, మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో వేశారు. పీల్చరాని సన్నవాటిని టేపు అంటించి ఎత్తారు. బండల సందుల్లోకి దిగినవి రాలేదు. మనవడికి ఫోన్ చేసి గంధకం పొడి తెప్పించి సందుల్లో నింపారు, గంధకంతో కలిస్తే పాదరసం ఆవిరి కాదట. మిషన్ బాబిన్ డబ్బా విప్పితే అందులో కూడా ఒక చుక్క ఉంది. నాకు తట్టేది కాదు. చీపురు, చేట, చాప, మేం పడుకున్న బొంత, పిల్లల బట్టలు అన్నీ కవర్లలో పెట్టి మూతి కట్టించారు. వాషింగ్ మిషన్‌లో వేస్తే మిషన్ కూడా పాడైనట్టే అన్నారు.

మూడు గంటలు. నేను అప్పటిదాకా గట్టిగానే ఉన్నాను. పని అయిపోయింది అనుకున్నప్పుడు పాప కాళ్లకున్న పట్టీలు అడిగారు, వెండికి కూడా పడుతుందని. వాకిట్లో ఎండలో గొంతుకు కూర్చుని ఒక్కొక్క మువ్వ నోరు టార్చి వెలుగులో చూశారు, కుడి పట్టీ అయ్యాక ఎడమది. ఎడమ పట్టీలో నాలుగో మువ్వలో కనిపించింది. నన్ను పిలిచి చూపించలేదు, నేను భయపడతానని మెల్లగా ఆ పట్టీని కవర్లో వేస్తుంటే నేనే చూశాను. అక్కడ నా కాళ్లు ఆగలేదు, అరుగు మీద కూలబడిపోయాను.

ఇదంతా మీకెట్లా తెలుసు అని అడిగితే వాళ్ల నాయన గురించి చెప్పారు. ఆయన గుడి కలశాలకు, ఉత్సవ విగ్రహాల కవచాలకు బంగారు పూత పోసేవారట. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, రాగి మీద పూసి, నిప్పుల మీద కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి పీల్చి పీల్చి కొన్నేళ్లకు చేతులు వణకడం మొదలైందట, చాయ్ గ్లాసు నోటి దాకా పోయేది కాదట, చిగుళ్లు పాడయ్యాయట. "అప్పుడు మాకెవరు చెప్పిండ్రు బిడ్డా" అన్నారు. ఎంత బతిమాలినా డబ్బులు తీసుకోలేదు. ఉంగరాన్ని ఇంట్లో స్టవ్ మీద కాల్చవద్దని, ఎవరైనా తెల్లదనం పోగొడతామన్నా ఇవ్వవద్దని రెండుసార్లు చెప్పి పోయారు. ఆ తర్వాత నాలుగు రోజులు కొట్టు తెరిచే ముందు టార్చి పట్టుకుని వచ్చి గది చూసి పోయారు.

పెద్దనాయనా, మీరు ఇది చదవరని తెలుసు, మీ మనవడు చదివి వినిపిస్తాడని రాస్తున్నాను.

మా ఆయన పుణె నుంచి రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చాడు. అక్క వాళ్లింట్లో పన్నెండు రోజులున్నాం, అత్తమ్మ వంట చూసుకుంది. వాళ్లకు థాంక్స్ చెప్తే తిడతారు.

పిల్లలను పాలమూరు తీసుకుపోయి చూపించాం. పాప నోట్లో పెట్టుకుందేమోనన్నదే నాకున్న పెద్ద టెన్షన్. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని నిదానంగా చెప్పింది: మింగిన పాదరసం ఎక్కువ భాగం ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది, అసలు భయం పీల్చిన ఆవిరిదే, అది ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరుతుంది, నేలకు దగ్గరగా ఆడే చిన్నపిల్లలకు ఎక్కువ ప్రమాదం అని. మూత్రం పరీక్షకు పంపారు. ఇద్దరికీ భయపడాల్సినంత లేదని వచ్చింది. మళ్లీ ఒకసారి చేయించాలి. రిపోర్టు వచ్చిన రోజు ఫోన్ చేసి నాకు చెప్పడానికి డాక్టరమ్మ తన డ్యూటీ అయిపోయాక కూడా ఆగింది, అమ్మా, మీకు దండం.

ఒక మాట రాయకుండా ఉండలేను. ఆ మొదటి రోజు నేను ఎన్ని ఫోన్లు చేశానో నాకే లెక్కలేదు. బడికి చేస్తే, "కొంచెం పాదరసానికి ఇంత హడావిడి దేనికమ్మా" అన్నారు. ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసు నంబరిచ్చారు, ఆ ఆఫీసు వాళ్లు అర్జీ రాసుకుని రమ్మన్నారు. ఫ్యాక్టరీల విషపు చెత్తకు హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో చోటు ఉందట, మంచిదే, మరి ఒక ఇంట్లో ఉన్న సీసాను అక్కడిదాకా ఎవరు చేర్చాలి? నన్ను బస్సులో పట్టుకుపొమ్మంటారా? పాదరసం వాడకం తగ్గించాలని 2013లో కుదిరిన మినమాటా ఒప్పందంలో మన దేశం కూడా 2018లో చేరిందట. జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో పాదరసం చేరిన చేపలు తిని వేలమంది దెబ్బతిన్నారు, ఆ పేరే పెట్టారు. ఇంత తెలిసి కూడా పాత మిషన్‌ను పిల్లలు సర్దే గదిలో పెట్టి ఎట్లా మర్చిపోతారు? అలాంటి మిషన్‌లో వంద గ్రాముల దాకా పాదరసం ఉంటుంది, చూస్తే ఒకటిన్నర చెంచా. సీసా ఇప్పటికీ మా పెరట్లో రేకుల షెడ్డులో, బకెట్టులో, తాళం వేసి ఉంది. కవర్లూ అక్కడే.

ఒప్పందం సంగతి చెప్పింది బడిలో సైన్స్ మేడమ్. ఆవిడ పేరు రాయవద్దన్నారు. మర్నాడే ఆ గది మూయించి, పాదరసం పంచుకున్న పదకొండు మంది పిల్లల ఇళ్లకు స్కూటీ మీద పోయి డబ్బాలన్నీ వెతికి తెచ్చింది ఆవిడే. పై నుంచి మాట వస్తుందని తెలిసి కూడా చేశారు.

అయ్యో, ఎదురింటి అత్తమ్మను మర్చిపోయాను. అడగకముందే దారానికి పసుపుకొమ్ము కట్టి తెచ్చి నా మెడలో వేసింది. పక్కింటి ఖాలా ఆ రోజంతా పాపను ఒళ్లో పెట్టుకుని తన మనవరాలి గౌను తొడిగింది. మెడికల్ షాపు తమ్ముడు సిరంజిలకు, మాస్కులకు డబ్బులు తీసుకోలేదు. బ్లౌజులు కుట్టడానికిచ్చిన ఆరుగురు అక్కలు, గుడ్డ కవర్లో కట్టేశాను, ఇక ఇవ్వలేనని చెప్తే ఒక్కరూ ఒక్క మాట అనలేదు, అందులో ఒకరిది సొంత బిడ్డ పెళ్లి బ్లౌజు. కొత్త గుడ్డ తెస్తే ముందు మీదే కుడతానక్కా.

ఇప్పుడే గుర్తొచ్చింది, ఆ రాత్రి మమ్మల్ని అక్క వాళ్లింటికి చేర్చిన ఆటో అన్న. పాప వాంతి చేసుకుంటే తన తువ్వాలుతో తుడిచాడు. హడావిడిలో కిరాయి ఇవ్వలేదు, ఆయన అడగలేదు. ఆటో వెనక అద్దం మీద ఎర్ర నెమలి బొమ్మ ఉంది. బస్టాండు దగ్గర ఎవరికైనా కనిపిస్తే నేను వెతుకుతున్నానని చెప్పండి, ఆ తువ్వాలు మాత్రం మళ్లీ వాడవద్దని కూడా చెప్పండి.