పిల్లల జలుబుకి యాంటీబయాటిక్ అడక్కండి

అక్కలూ, వదినలూ, వానలు మొదలయ్యేసరికి మన పర్లాకిమిడి వైపు ఇంటింటా పిల్లలకి జలుబు, దగ్గు. దయచేసి మందుల షాపుకెళ్లి "పోయినసారి ఇచ్చిన గులాబీ రంగు సిరప్పే ఇవ్వండి" అనకండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దానిమీద పనిచేయదు. పైగా విరేచనాలు పట్టుకోవచ్చు.

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40. అంతకు చేరినా, డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే, చెప్పినన్ని రోజులూ వేయండి. 2 నెలలు నిండని పసికందైతే లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పై లక్షణాలేవీ లేకుండా జ్వరముంటే ముందు ఆశా దీదీ దగ్గర మలేరియా రక్తపరీక్ష చేయించండి. మన కొండ ప్రాంతంలో అది తప్పనిసరి.