సెస్సులో మన వాటా ఏదీ?

అయ్యా,

పింఛన్లే ఖజానాను ముంచుతున్నాయని రాజాం టీ కొట్టు నుంచి టీవీ చర్చల దాకా ఒకటే పాట. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లలో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు కేటాయించారు. ముందు అది చూడాలి.

ఆదాయం వైపు ఇంకో తిరకాసు. కేంద్ర పన్నుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం వాటిలో రాష్ట్రాలకు 41 శాతం ఇమ్మంది గానీ, ప్రత్యేక అవసరం పేరిట వేసే సెస్సులు, పన్నుపై పన్నుగా వేసే సర్‌చార్జీలు ఆ లెక్కలోకి రావు. ఆ బడ్జెట్ నాటికి లీటరు పెట్రోలుపై కేంద్ర సుంకం రూ.19.90. అందులో పంపకానికొచ్చే మూల సుంకం రూ.1.40. దాన్లో 41 శాతం 57 పైసలు. అందులో మన ఆంధ్రప్రదేశ్ వంతు అప్పటికి 4.047 శాతం, అంటే రెండు పైసల చిల్లర! రాష్ట్రమూ తక్కువ తినలేదు: 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి.

ప్రతి సెస్సుకూ గడువు పెట్టి, అది తీరాక మూల పన్నులో కలపమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

- ఒక పాఠకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా