బాల్యం నాటి సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తేవాలి, మంత్రి గారూ?

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగు చేసే మెకానిక్‌ని. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేసి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. వయసు నలభైకి దగ్గర పడింది. నాకు డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది ఉందని మా అబ్బాయిని పరీక్ష చేయించినప్పుడు తెలిసింది. సైకాలజిస్టు వాడి లక్షణాలు ఒక్కొక్కటే చెబుతుంటే, మా ఆవిడ వాడిని వదిలేసి నా వైపు చూసింది.

బడిలో నన్ను మొద్దు అన్నారు. ఆ మాస్టార్లను తప్పు పట్టను, వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. 1995 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నవి ఏడు వైకల్యాలే, అందులో ఇది లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యం కింద డిస్లెక్సియానూ చేర్చింది. అది అమలులోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అప్పటికి నేను బడి మానేసి చాలా ఏళ్లయింది.

పరీక్షలో అదనపు సమయం అడిగితే కాలేజీలో సర్టిఫికెట్ తెమ్మన్నారు. సబబే. ఆసుపత్రికి వెళితే, చిన్నప్పుడు తీసుకున్నది ఉందా అని అడిగారు. లేదన్నాను. పెద్దవాళ్లకు ఆ పరీక్ష ఇక్కడ చేయడం లేదన్నారు. ఆ డాక్టరమ్మ మర్యాదగానే చెప్పారు, ఆమె చేతిలో ఉన్నదీ అంతే. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు డిస్లెక్సియాను తేల్చడానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షను వాడమన్నాయి. ఆ పరీక్ష బడి పిల్లల కోసం తయారైంది. ఆ మార్గదర్శకాల లెక్కలో ఎనిమిదేళ్లు నిండాక మొదటి సర్టిఫికెట్, పద్నాలుగో ఏట మళ్లీ ఒకసారి, పద్దెనిమిదో ఏట ఇచ్చేది జీవితాంతం చెల్లేది. నాలా ఈ వయసులో మొదటిసారి గుమ్మం తొక్కేవాడు ఎటు వెళ్లాలి? చట్టమే లేని రోజుల్లో పెరిగిన వాళ్లను ఆ రోజుల కాగితం అడగడం ఏం న్యాయం?

సర్టిఫికెట్ ఆరోగ్య శాఖ వ్యవహారమని మీ అధికారులు అనవచ్చు. కానీ పరీక్ష పెట్టేది మీ శాఖ కింది విశ్వవిద్యాలయాలే. పరీక్షల పద్ధతిలో తగిన మార్పులు చేయాలని, అదనపు సమయం, స్క్రైబ్ (మనం చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి) ఇవ్వాలని 2016 చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. ఉన్నత విద్యలో చేరే, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు అయిదేళ్ల వయోపరిమితి సడలింపు కూడా ఆ చట్టం ఇచ్చింది. అంటే ఆలస్యంగా వచ్చేవాళ్లు ఉంటారని చట్టానికి తెలుసు. 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టూ చెప్పింది.

ఇక పుస్తకాలు. సినిమాల్లో చూపించినట్టు నా కళ్ల ముందు అక్షరాలు ఎగరవు. ప, ష, వ, మ ఒకే వరుసలో వస్తే ఏది ఏదో తేల్చుకోవడానికి ఆగాలి. ‘స్వాతంత్ర్యం’ లాంటి మాట దగ్గర ఒత్తులు విప్పుకునేసరికి వాక్యం మొదలు మరిచిపోతాను. అదే పాఠం ఎవరైనా చదివి వినిపిస్తే ఒక్కసారికే అర్థమవుతుంది. ఇరవై నాలుగు వోల్టుల లారీ వైరింగు మొత్తం డ్రాయింగు చూడకుండా చేసేవాడిని, నా జ్ఞాపకశక్తికి ఢోకా లేదు. ఇప్పుడు ఫోనే తెలుగు చదివి వినిపిస్తుంది. కానీ మాకు ఇచ్చే పాఠాల్లో సగం జిరాక్సు కాగితాలకు తీసిన ఫొటోలు. మిగతావి పాత డీటీపీ ఫాంట్లలో ఉంటాయి. కంటికి తెలుగే, ఫోనుకు మాత్రం పిచ్చిగీతలు. మధ్యాహ్నం భోజనం వేళ షెడ్డులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆర్థికశాస్త్రం వినబోతే, ఎక్కడిదో తెలియని భాష వినిపించింది. మా కుర్రాళ్లు ఇంకా నవ్వుతున్నారు.

పాఠాలను ఫోను చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో ఇవ్వడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. విజయవాడ, గుంటూరుల్లో ఒక్కో ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా పెద్దవాళ్లకు పరీక్ష చేసే ఏర్పాటుకు ఆరోగ్య శాఖతో మాట్లాడండి. అది తేలేదాకా, అర్హత ఉన్న సైకాలజిస్టు ఇచ్చిన నివేదిక చూసి గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వమని కాలేజీలకు చెప్పండి. ఆ లెక్క నేను కట్టింది కాదు, 2018లో కేంద్రమే రాతపరీక్షల కోసం ఇచ్చింది.

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. సర్క్యులర్ ఒక్క పేజీ చాలు. దాన్ని మాత్రం దయచేసి యూనికోడ్‌లో టైపు చేయించండి.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థి,
ఆటోనగర్, విజయవాడ